అటక మీద ఊక

నా చేతి మీదుగా ఎన్ని స్లాబులు పడ్డాయో లెక్క రాసుకోలేదు గానీ, అంబాజీపేటలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే అమలాపురం వచ్చేలోపు ఓ పాతికిళ్ళు చూపించి "అదీ మనదే" అనగలను. పదహారో ఏట సిమెంటు తట్ట మోశాను, ఇరవయ్యో ఏట తాపీ పట్టాను. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కొబ్బరిచెట్లతో పాటు ఊళ్ళకు ఊళ్ళ పెంకుల్ని లేపేసి పోయాక ఇక చేతినిండా పనే. పెంకంటే జనానికి భయం పట్టుకుంది. "అప్పైనా పర్లేదు మేస్త్రీగారూ, స్లాబు పడిపోవాలంతే" అనేవారు. పోశాను. అది తప్పని ఇప్పటికీ అననండి. ఆ రాత్రి పెంకులు విస్తరాకుల్లా ఎగరడం కళ్ళారా చూసినవాణ్ణి, గట్టి కప్పు వద్దని ఏ నోటితో అంటాను?

కానీ ఓ మే నెలలో, రాత్రి పదకొండు దాటాక, నా సొంత స్లాబు కింద మంచం మీద పడుకుని తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తున్నాను. పైనుంచి ఎవరో పొయ్యి ఊదుతున్నట్టుంది. పొద్దు గుంకి నాలుగ్గంటలైంది, వీధిలో గాలి చల్లబడింది, ఇల్లు మాత్రం కుంపటే. నేర్చిన విద్య మీద నాకే అనుమానం వచ్చిన రాత్రి అది.

అనుమానం తీరింది రాజోలు దగ్గర మా పెద్దక్క ఇంట్లో. పాత మండువా లోగిలి. బావగారి తాతల నాటిది. అదే నెలలో ఏదో శుభకార్యానికి వెళ్ళి నడింట్లో చాప మీద నడుం వాల్చాను. మధ్యాహ్నం మూడింటికి లేచేసరికి చెమట లేదు. పైన పెంకే, మందంగా నాలుగంగుళాల స్లాబైనా లేదు! పక్క వసారాలో, అదే పెంకు కింద, కూర్చోలేకపోతున్నాం. ఈ గదికేమిటి ప్రత్యేకం అని తల పైకెత్తి చూస్తే చెక్క అటక కనిపించింది.

"దాని మీద ఏముందే అక్కా?"

"ఏముంటుందిరా, మా అత్తగారి సామాను. మామిడికాయలు ముగ్గేసేవారు అక్కడ. నేనెక్కి పదిహేనేళ్ళైంది."

నిచ్చెన వేసుకుని అటక తలుపు తోసి బుర్ర పైకి పెట్టాను. ఒక్కసారిగా మొహానికి సెగ కొట్టింది. పెంకు వేడంతా అక్కడే నిలబడి ఉంది. కళ్ళద్దాలు కాలాయి. మెడ నుంచి కిందికి మాత్రం హాయిగానే ఉంది. తల వైశాఖంలో, కాళ్ళు మార్గశిరంలో. రెండు మాసాలకీ మధ్య అడ్డం జానెడు మందమైనా లేదు.

ఆ మందంలో ఏముందో చూడాలి కదా. టార్చి పట్టుకుని పైకి పాకాను. పేడమట్టితో అలికిన నేలలా ఉంది, పగుళ్ళిచ్చింది. మా వృత్తివాళ్ళ సంచిలో తాపీ ఎప్పుడూ ఉంటుంది. దాని మొనతో ఓ పగులు దగ్గర గీకాను. వేలెడు మందాన పెచ్చు లేచింది. దాని కింద నుంచి జలజలా ఊక జారింది. ముట్టుకుంటే గలగలలాడుతోంది. నిన్న దంచి చెరిగినట్టుంది. రంగు కాస్త మాసిందంతే. అరచేతిని అందులోకి దించాను. పైన వేళ్ళకి వెచ్చగా తగిలింది, లోపలికి పోయేకొద్దీ చల్లబడింది, అడుగున తాటిచాప తగిలింది. చాప కింద చెక్క. అంతే నిర్మాణం. చెక్క, చాప, బెత్తెడు ఊక, పైన పేడమట్టి. ఏ ఇంజినీరూ గీసిచ్చింది కాదు.

పని లేని మాటల్ని ఊకదంపుడు అంటాం. ఊక దంచితే ఏమొస్తుంది అని కదా వెటకారం! దంచక్కర్లేదు, పరిస్తే చాలునని ఆ ఇంటి వాళ్ళకి తెలుసు.

దీని గుట్టు నాకు చిన్నప్పుడే ఎదురైంది గానీ అప్పుడు అర్థం కాలేదు. చేపలకి ఐసు దిమ్మలు వచ్చేవి. బండి మీద ఐసు దిమ్మ పెట్టి, చుట్టూ ఊకో రంపప్పొట్టో దట్టించి, గోనెపట్టా కప్పేవారు. రేవు నుంచి ఊరు చేరేదాకా, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా, దిమ్మ దిమ్మలాగే ఉండేది. ఊక చల్లనిదేమో అనుకునేవాణ్ణి. ఊక చల్లనిదీ కాదు, వేడిదీ కాదు. వేడిని అటునుంచి ఇటు పోనివ్వనిది. అటు ఐసునీ కాపాడుతుంది, ఇటు దాలిలో పాలనీ కాపాడుతుంది. దాలి గుర్తుందా? పిడకలూ ఊకా వేసి నిప్పు పెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాజుకుంటూ ఉండేది, పాలు ఎర్రగా కాగేవి. మంట లేవకపోవడానికీ వేడి బైటికి పోకపోవడానికీ కారణం ఒకటే. ఊకలో గాలి కదలదు.

అసలు పనివాడు గాలేనండి. కదిలే గాలి వేడిని మోసుకుపోతుంది, కదలని గాలి ఆపేస్తుంది. ఒక్కో ఊక పొల్లునీ అరచేతిలో వేసుకుని చూడండి, చిన్న దోనెలా ఉంటుంది. వేల దోనెలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడితే మధ్యలో గాలి ఇరుక్కుపోతుంది. కొబ్బరి పీచూ అంతే, దూది పరుపూ అంతే, చలిదేశాల్లో గోడల్లో కూరే గొర్రె ఉన్నీ అంతే. వాళ్ళు లోపలి వేడి బైటికి పోకుండా కప్పుకుంటారు, మనం బైటి వేడి లోపలికి రాకుండా కప్పాలి. దుప్పటి ఒకటే, తిప్పి కప్పుకోవడం.

కాంక్రీటు సంగతి చెప్తే మా వాళ్ళు ఒప్పుకోరు. గట్టిది కాబట్టి ఎండనీ ఆపుతుందనుకుంటారు. ఇంజినీర్ల లెక్కలో కాంక్రీటు గుండా వేడి పారే వేగం పీచు గుండా పారేదానికి దగ్గర దగ్గర ముప్పై రెట్లు. అంటే రెండంగుళాల పీచు పరుపు ఆపినంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే అయిదడుగుల మందాన స్లాబు పొయ్యాలి. పైగా స్లాబు బరువైనది, తాగిన వేడిని దాచుకుంటుంది. నాలుగంగుళాల స్లాబు పై ముఖాన తగిలిన వేడి కింది ముఖానికి రావడానికి సుమారు 3 గంటలు పడుతుంది. అందుకే ఒంటిగంట ఎండ మనకి నాలుగింటికి తెలుస్తుంది. రాత్రి మనం పడుకునే వేళకి అది తీరిగ్గా అప్పు తీరుస్తూ ఉంటుంది. పెంకు అలా కాదు. ఎండ పడగానే కాలుతుంది, పొద్దు వాలగానే చల్లారుతుంది, సందుల్లోంచి సెగ పైకి పోతుంది. పెంకుకి పగలు కష్టం, స్లాబుకి రాత్రి కష్టం. పెంకు కింద ఊక అటక ఉన్న ఇంటికి రెండూ లేవు.

ఇంకో సంగతి. అమలాపురం భూమధ్యరేఖకి 16.5 డిగ్రీల పైన ఉంది. దానివల్ల ఏటా మే 5, 6 తేదీల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన నిలబడతాడు. ఆ వేళ నిలువు కర్రకి నీడ ఉండదు. గోడ మీద ఎండ పడదు, పడేదంతా కప్పు మీదే. కాబట్టి మన దగ్గర డబ్బూ శ్రమా పెట్టాల్సింది కప్పు మీద. గోడల సంగతి చూరు చూసుకుంటుంది. పాత ఇళ్ళకి చూరు అంత కిందికి, వంగి నడవాల్సినంత కిందికి ఎందుకు దించారో ఇప్పటికి తెలిసింది నాకు.

మనది ఉక్క. రాయలసీమ పొడి ఎండ కాదు. ఒళ్ళంతా జిడ్డు, చెమట ఆరదు. కప్పు ఎంత ఆపినా గాలి ఆడకపోతే లాభం లేదు. మండువా చేసే పని అది. నడిమధ్యన ఆకాశం కనిపించే ఆ ఖాళీలోంచి వేడిగాలి పైకి పోతుంటే వీధి గుమ్మంలోంచీ పెరటి గుమ్మంలోంచీ గాలి లోపలికి వస్తుంది. ఈమధ్య మండువాలకి పైన ఫైబరు రేకు వేసి మూసేస్తున్నారు, వాన పడుతోందని, కోతులు దిగుతున్నాయని. ఆ మర్నాటి నుంచి ఇల్లు కుక్కరే. నేనూ రెండిళ్ళకి వేశాను, డబ్బులు తీసుకుని. అప్పుడు తెలీదు.

అక్కగారింటి నుంచి తిరిగొచ్చాక ఊరుకోలేకపోయాను. మా పెరట్లో వంటిల్లు ఇప్పటికీ బెంగుళూరు పెంకుదే. మా ఆవిడ వేసవిలో అందులో వండడమంటే శిక్ష. ఊక దొరికేదాకా ఆగే ఓపిక లేదు. దగ్గర్లో పీచు మిల్లు ఉంది, పక్కన కొండంత కొబ్బరిపొట్టు గుట్ట. డొక్కని ఆడిస్తే పీచు వచ్చేది మూడో వంతే, మిగతాదంతా పొట్టే. మెత్తగా ఉంది, తేలిగ్గా ఉంది, ఊరికే వస్తోంది. ఆరు బస్తాలు తెచ్చి, చెక్కలు కొట్టి, వంటింటి మీద పరిచేశాను. రెండు వారాలు అద్భుతం. మా ఆవిడ వీధిలో వాళ్ళందరికీ చెప్పింది కూడా.

మూడో వారం రుతుపవనాలకి ముందు గాలివాన పడింది. పెంకు ఒకటి జారింది, నేను చూసుకోలేదు. కొబ్బరిపొట్టు తన బరువుకి ఎనిమిదింతల నీళ్ళు తాగగలదు. అందుకే నర్సరీల వాళ్ళు కోకోపీట్ అని ఎగబడి కొంటారు. మొక్కకి ఏది వరమో కప్పుకి అదే శాపం. తెల్లారేసరికి అటక చెక్కలు బొర్ర కట్టి వేలాడుతున్నాయి. కాఫీ పెడుతున్న మా ఆవిడ నెత్తిన నల్లటి ముద్ద ధబ్బున పడింది. "ముప్పైయ్యేళ్ళ సర్వీసు" అని ఒక్క మాటందంతే. ఆ వారమంతా హోటలు ఇడ్లీయే.

పొట్టు వేరు, పీచు వేరు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పీచు నీళ్ళు తగిలినా జారనిస్తుంది, ఆరిపోతుంది. దానిలో చెక్కని చెక్కగా నిలబెట్టే లిగ్నిన్ అనే పదార్థం చాలా ఎక్కువ, అందుకే ఉప్పునీళ్ళల్లో పడవ తాళ్ళకి మన పెద్దలు కొబ్బరి తాడే వాడారు. ఊకలోనేమో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. పశువులు తినకపోవడానికీ, తొందరగా కుళ్ళకపోవడానికీ, భగ్గున అంటుకోకపోవడానికీ అదే కారణం.

ఆ తర్వాత కొత్తపేట వైపు ఒక రిటైరైన మాష్టారి పెంకుటింట్లో పద్ధతిగా చేశాను. పాత ఇల్లే, కూలగొట్టడం ఇష్టం లేదాయనకి. ముందు పని ఊక కాదు, పెంకు. ఒక్కో పెంకూ తీసి, పగిలినవి మార్చి, కారే చోట్లన్నీ మూశాం. తర్వాత దూలాలు. గోడలోకి దిగిన కొసల దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాను. చెక్క టక్కుమంటే ఆరోగ్యం, మెత్తగా దిగిందంటే చెద. ఒక దూలం కొస మార్చాల్సి వచ్చింది. పాత కరెంటు వైర్లు అటక మీద పాముల్లా పడున్నాయి. అవి ఊక కింద పడితే వేడెక్కి, ఊక లోలోపల రాజుకుంటుంది, దాలిలాగే. పొగ కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని అన్నిటినీ పైపుల్లో పెట్టించి వాసాల వెంట పైకి తీసుకుపోయాం.

ఊక తేవడం ఇవాళ్టి రోజుల్లో అంత సులువు కాదు. మిల్లుల్లో చాలావరకు బాయిలర్లకే పోతోంది. పాతకాలపు హల్లరు మిల్లులో ఊకా తౌడూ నూకా కలిసి వస్తాయి, అది పనికిరాదు. తౌడు ఉంటే పురుగు, నూక ఉంటే ఎలుక. షెల్లరు మిల్లు ఊకే కావాలి. దాన్నీ జల్లించి, ఓ డాబా మీద రెండెండలు ఆరబెట్టాం. గుప్పెట పట్టి వదిలితే చేతికి ఒక్క పొల్లు కూడా అంటకూడదు, అప్పుడు ఆరినట్టు. గుల్లసున్నం పొడి, కంసాలి వాడే వెలిగారం కాస్త పొడిచేసి కలిపాం. వెలిగారం ఉంటే చెదా చీమా దగ్గరికి రావు, నిప్పు అంత తొందరగా పట్టదు. చలిదేశాల్లో పాత కాగితాల ముక్కలు అటకల్లో పోసేటప్పుడు కలిపేదీ ఈ జాతి ఉప్పులే.

బరువు లెక్క మాష్టారే కట్టారు. పది అడుగుల చదరం గది మీద నాలుగంగుళాల ఊక అంటే ఓ వంద కిలోల పైచిలుకు, ఇద్దరు మనుషులెక్కి కూర్చున్నంత. అంతే మందాన మట్టి పోస్తే టన్నున్నర. వందేళ్ళ దూలం మీద ఆ తేడా చిన్నది కాదు. వడ్లలో అయిదో వంతు ఊక, కాబట్టి ఆ గదికి కావలసింది 75 కిలోల బస్తాలు ఏడెనిమిది ఆడిస్తే వస్తుంది. ఒక గదికి ఒక కుటుంబం తినే తిండిగింజల పొట్టు చాలు. ఏటా మళ్ళీ పండుతుంది.

చెక్కల మీద తాటిచాప, చాప మీద ఊక, మా బద్దతో గచ్చు చదును చేసినట్టే చదును చేశాం. చూరు దగ్గర జానెడు ఖాళీ వదిలి ఇనప వల కొట్టాం. గాలి రావాలి, ఎలుక రాకూడదు. పైన పల్చగా పేడమట్టి. ఈ అలుకు వట్టి ఆచారమనుకునేవాణ్ణి. గాలికి ఊక లేవకుండా, నిప్పురవ్వ పడినా అంటుకోకుండా పట్టేది అదే. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళకి గడ్డికప్పు లోపలివైపు మట్టి మెత్తేదీ ఇలాంటి ఎరుకతోనే.

మాష్టారు తర్వాత వేసవిలో ఫోను చేసి, "ఏవయ్యా, మధ్యాహ్నం ఫ్యాను రెండో నంబరుకి దించాను" అన్నారు. ఏసీ పెట్టించుకుంటానంటే మాత్రం వద్దన్నాను. ఏసీ గదికి పైన ఊక ఇలా వదులుగా పొయ్యకూడదు. బైటి తేమగాలి ఊకలోంచి దిగి చల్లటి చెక్కకి తగిలి నీరవుతుంది, బూజు పడుతుంది. ఆ గదికి పద్ధతి వేరు.

ఈ తెలివి మనకొక్కళ్ళకే ఉందనుకుంటే పొరపాటు. ఎల్లోరా గుహల్లో మట్టిపూతలో గంజాయి మొక్క నార కలిపారని 2016లో పురావస్తు పరిశోధకులు బైటపెట్టారు. దాదాపు పదిహేను వందల ఏళ్ళ నాటి పూత. ఇప్పుడు ఐరోపాలో పాత ఇళ్ళకి అదే నారమొక్క కాడల్ని సున్నంతో కలిపి గోడలకి మెత్తుతున్నారు, కొత్త సరుకన్నట్టు. అమెరికాలో నెబ్రాస్కా ఇసుక నేలల్లో చెట్లు లేక గడ్డిమోపులు పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు. 1928లో అలా కట్టిన చర్చి ఒకటి ఆర్థర్ అనే ఊళ్ళో ఇంకా నిలబడే ఉంది. కేరళలో లారీ బేకర్ స్లాబు మధ్యలో పాత పెంకులు పెట్టి పోయించేవాడు. కాంక్రీటూ తగ్గేది, వేడీ తగ్గేది. నేను స్లాబులు పోస్తున్న రోజుల్లో ఎవరైనా చెప్పుంటే ఎన్ని బళ్ళ పెంకులు గోతుల్లో పోశానో అన్నీ పైకెక్కేవి.

అటక లేని స్లాబింటికి ఏం చెయ్యమంటారు అని అడుగుతారు. నా సొంత ఇంటికి చేసుకున్నదే చెప్తాను. ఫాల్గుణంలో డాబా మీద రెండు పూతల సున్నం. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లటి పైకప్పుల విధానమని తెచ్చింది, అందులోనూ మూలసూత్రం ఇదే, తెల్లటిది ఎండని తిప్పికొడుతుందని. సున్నం మీద మోకాలెత్తు వెదురు కట్టి కొబ్బరాకు తడికలు. తడికకీ స్లాబుకీ మధ్య గాలి ఆడాలి, అదే కిటుకు. ఆశ్వయుజం రాకుండా తీసెయ్యాలి, లేదంటే తుపానుకి పక్కూళ్ళో తేలతాయి. పడగ్గదికి మాత్రం స్లాబు కిందనే చెక్కపట్టీలు కొట్టి పీచు పరుపు బిగించాను. సిమెంటు రేకుల కింద ఉండేవాళ్ళ బాధ అందరికంటే ఎక్కువ. వాళ్ళకి ఆనపపాదుని మించింది లేదు. చైత్రానికి రేకు కప్పేలా మాఘంలోనే గింజ పెట్టాలి. కూరకి కూర, నీడకి నీడ.

ఇక అక్కగారింటి సంగతి. మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం. ఇల్లు పడగొట్టి రెండంతస్తులు లేపుదామని ప్లాను గీయించుకుని వచ్చాడు. పని నాకే ఇస్తానన్నాడు. నాకు వేరే బేరాల్లేని ఏడాది అది.

"మావయ్యా, ఎస్టిమేటు రాసివ్వండి" అన్నాడు.

"రాస్తాలేగానీ, ముందోసారి అటకెక్కి రా" అన్నాను.

ఎక్కాడు. రెండు నిమిషాల్లో చొక్కా తడిసిపోయి దిగాడు. ఏం మాట్లాడకుండా నడింట్లో గచ్చు మీద వెల్లకిలా పడుకుని అటక చెక్కల వంక చూస్తూ ఉండిపోయాడు. అక్క మజ్జిగ తెచ్చింది. సగం తాగి, "ముందు వసారా ఒక్కటీ తీసి స్లాబు వేద్దాం, ఈ నాలుగు గదులూ ఉండనీండి" అన్నాడు.

నా బేరం సగానికి సగం పడిపోయింది. వసారా లెక్క వేసి, దాని కింద నాలుగు గదుల అటకల కొలతలు రాసుకున్నాను. మూడిటికి ఊకే లేదు. రావులపాలెం దగ్గర మిల్లువాడికి ఫోను చేస్తే మంగళవారం ముప్పై బస్తాలు పంపుతానన్నాడు. రోహిణి కార్తె ఇంకా పది రోజులుంది. మృగశిర పడి తొలకరి దిగిందంటే ఊక ఆరదు.